మా తోట, మన నీళ్ళు

పధ్నాలుగో భాగం

కిందటి వారం తిరుమలేశ్వర మాస్టారిని పైయింటి మెట్ల దగ్గర వదిలేసి వచ్చాం. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు వాకిట్లో. డెబ్బై అయిదేళ్ళ మనిషిని వారం రోజులు అలా నిలబెట్టడం పాపం. ముందు ఆయన్ని పైకి రానిచ్చి, కాళ్ళు కడుక్కోనిచ్చి, బెల్లం ముక్కా మంచినీళ్ళూ చేతికిద్దాం.

ఆయన నోట్లో బెల్లం కరిగేలోపు, కొత్తగా వచ్చి చేరినవాళ్ళకి సంగతి చెప్పేస్తాను. కన్నడ సీమలో ఒక గుట్ట మీద పైయిల్లు, ఆ గుట్ట కింద కిందిల్లు. రెండూ ఒక్క తాత సంతానమే. ఎర్రరాతి గుట్ట కడుపులోకి ఒక మనిషి వంగి నడిచేంత సొరంగం ఉంది. శంభజ్జ, ఆయన తమ్ముడు కలిసి తవ్వింది. ఆ సొరంగంలోంచి సన్నగా వచ్చే ధారతోనే రెండిళ్ళ పోక తోటలూ బతుకుతున్నాయి. అన్నదమ్ములిద్దరూ ఎప్పుడో పోయారు. సొరంగం నోరు పైయింటి హద్దులో ఉంది గనక, శంభజ్జ మనవడు ఉదయశంకరుడు దానికి ఇనప తలుపు బిగించి, నీళ్ళన్నీ పైపుతో తన కొత్త తొట్టిలోకి మళ్ళిస్తానంటున్నాడు. పనివాళ్ళు రేపు పొద్దున్నే వస్తారు. కిందింట్లో మిగిలింది శంభజ్జ తమ్ముడి భార్య దేవకక్క, ఎనభై ఆరేళ్ళ మనిషి. ఆవిడతోపాటు ఒక కోడలు, ఆరువందల పోక చెట్లు. ఈ మార్చి ఎండల్లో పదిహేను రోజులు నీళ్ళు ఆగితే ఆ చెట్లు నిలువునా మాడిపోతాయి.

తగువు తీర్చడానికి ఉన్నది ఒక్కటే కాగితం. నలభై తొమ్మిదేళ్ళ కిందట శంభజ్జ చెబుతుంటే రాసిన పంపకాల కాగితం. రాసింది అప్పుడే బళ్ళో చేరిన కుర్ర కన్నడ పండితుడు, అంటే మన మాస్టారే. రెండిళ్ళకీ చుట్టమైన మహాబల వకీలు ఆలోచించి ఒక దారి చెప్పాడు: రాసినవాడే అర్థం చెప్పాలి, ఆయన చెప్పిందానికి రెండిళ్ళూ కట్టుబడాలి. ఉదయశంకరుడు సరేనన్నాడు. దేవకక్క కూడా సరేనంది. అదీ మాస్టారు ఇంత ఎండలో గుట్టెక్కడానికి కారణం.

ఎక్కడమంటే తిన్నగా ఎక్కలేదు. చెప్పుల నిండా ఎర్ర దుమ్ముతో, పొలం గట్ల మీదుగా చుట్టు తిరిగి వచ్చారు. తిన్నటి దారి ఆయన తమ్ముడు గణపతి గుమ్మం ముందు నుంచి పోతుంది. ఆ గుమ్మం ముందు ఆయన అడుగుపెట్టి ముప్పై ఒక్క ఏళ్ళు. పాత ఇల్లు ఎవరిదన్న దగ్గర, నాన్న కాగితంలో ఒక మాట దగ్గర, అన్నదమ్ములకి చెడింది. ఆ గొడవ ఇప్పుడెందుకు గానీ, పైయింటి అరుగు మీదికి వద్దాం.

మాస్టారు కూర్చున్న కాసేపటికి దేవకక్క మెట్లెక్కుతూ కనిపించింది. చేతికర్ర, చంకలో తమలపాకుల సంచి, వెనకాల కోడలు. ఉదయశంకరుడు గబగబా దిగి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. "మన సొరంగం దగ్గర పాచి పట్టిపోయింది నానమ్మా, చూసి అడుగెయ్యి" అంటూ మెల్లిగా పైకి తీసుకొచ్చి, స్తంభానికి చేరగిలా కూర్చోబెట్టాడు. తగువు తగువే, మర్యాద మర్యాదే. ఆవిడ కూర్చోగానే చిన్న రోలు తీసి వక్కా ఆకూ దంచడం మొదలుపెట్టింది.

ఉదయశంకరుడు చెడ్డవాడని ఎవరన్నా అనుకుంటే పొరపాటు. రెండు బోర్లు వేసి రెండిట్లోనూ దుమ్ము చూశాడు. వెయ్యి కొత్త మొక్కలు పెట్టాడు, అవి వాడిపోతుంటే అన్నం సహించడం లేదు. పైగా మాస్టారంటే ప్రాణం. వచ్చే ఆదివారం హైస్కూల్లో మాస్టారి వ్యాకరణ పుస్తకం ఆవిష్కరణ, పూర్వ విద్యార్థుల సన్మానం. దానికి పెద్ద అతనే, పందిరి గుడ్డ దగ్గర్నుంచి పాయసం దాకా అన్నీ తనే చూసుకుంటున్నాడు.

ఆ సన్మానం ఊరికే వచ్చింది కాదు. ముప్పై నాలుగేళ్ళు ఆ చుట్టుపక్కల గుట్టల పిల్లలందరికీ తప్పులేని కన్నడం నేర్పిన మనిషి ఆయన. పెళ్ళిపత్రిక చేతికిస్తే ముందు తప్పులు దిద్దేవారు, ఆ తర్వాతే ముహూర్తం చూసుకునేవారు. మనవరాలు రాసిన ఉత్తరాన్ని ఎర్రసిరాతో సవరించి తిరుగుటపాలో పంపించారు. జేబులో ఎర్రసిరా పెన్ను లేకుండా ఆయన బయటికి వచ్చిన రోజు లేదు. క్లాసులో ఇంటి మాట వినిపిస్తే సహించేవారు కాదు. "వచ్చే" అనడానికి పిల్లలు ఇంట్లో "బప్ప" అంటారు, పుస్తకంలో "బరువ" అని ఉంటుంది. నోరు జారి "బప్ప" అన్నవాడు "బరువ" అని ఇరవైసార్లు రాయాల్సిందే. అదే మాస్టారు మర్నాటి పీరియడులో వెయ్యేళ్ళ నాటి కావ్యంలో "బర్ప" అన్న మాట వస్తే, ఆ సొంపుకి కళ్ళు చెమ్మగిల్లి కాసేపు ఆగిపోయేవారు. ఆ బర్ప, ఈ బప్ప తల్లీకూతుళ్ళని ఆయనకి తట్టలేదా అంటే, తట్టే ఉంటుంది. ఒప్పుకోలేదు, అంతే.

మహాబల వకీలు కాగితం మడతలు విప్పి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు. ఎల్లలు, చెట్ల లెక్క, గొడ్లపాక, అన్నీ అయ్యాక అసలు వరస వచ్చింది. పై తోట "నమ్మ తోట", సొరంగం నీరు "నమ్మ నీరు". అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మాస్టారు తన పాత చేతిరాత చూసుకుని లోలోపల మురిసిపోయారు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఇది చదువుతున్న మీకు నవ్వు రావచ్చు కూడా. మన తెలుగులో మా ఇల్లు వేరు, మన ఇల్లు వేరు. మాటలు రాని పిల్లలు కూడా ఆ తేడాకి తలతిప్పుతారు. పుస్తకాల కన్నడంలో రెండింటికీ కలిపి ఒక్కటే మాట, "నమ్మ". ఎదుటివాణ్ణి లోపలికి పిలిచినట్టా, గుమ్మం బయట నిలబెట్టినట్టా అన్నది విన్నవాడే ఊహించుకోవాలి. ఆ ఊహ దగ్గరే ఇవాళ పైయింటికీ కిందింటికీ పేచీ పడింది.

ఉదయశంకరుడు చేతులు కట్టుకుని, క్లాసులో లేచి జవాబు చెప్పేవాడిలా నిలబడ్డాడు. "మాస్టారూ, మీరు తొమ్మిదో తరగతిలో చెప్పిందే నేనంటున్నా. పక్కపక్కన ఒకే మాట రెండుసార్లు వస్తే అర్థం ఒకటే అవ్వాలి. పై తోట మాది. దాని మీద చిన్న నానమ్మక్కూడా పేచీ లేదు. అక్కడ నమ్మ అంటే మా అయినప్పుడు, పక్కనే ఉన్న నీళ్ళ దగ్గర మన ఎట్లా అవుతుంది?"

శిష్యుడు అంత చక్కగా గుర్తుపెట్టుకున్నందుకు మాస్టారికి ముచ్చటేసింది. వకీలు కూడా తల ఊపాడు. మాస్టారు గొంతు సవరించుకుని, క్లాసులో వాడే పుస్తక భాషలో మొదలుపెట్టారు, వాక్యధర్మాన్ని అనుసరించి పరిశీలించినచో అని. ఇంకొక్క వాక్యం పూర్తయితే కిందింటి తోట ఎండిపోయినట్టే.

రోటి చప్పుడు ఆగింది.

"బావగారు అట్లా అనలేదు" అంది దేవకక్క.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ దంచిన ముద్ద బుగ్గన పెట్టుకుని, తొందరేం లేనట్టు చెప్పుకొచ్చింది. కాగితం రాసిన రోజు మగవాళ్ళంతా ఈ అరుగు మీదే కూర్చున్నారట. ఆడవాళ్ళని రమ్మనలేదు. తను వంటింటి తలుపు చాటున గరిటె పట్టుకుని నిలబడి, మాట మాటా విన్నదట. వినకుండా ఎట్లా ఉంటుంది, సొరంగం తవ్విన మూడేళ్ళూ లోపలి మట్టి గంపలతో బయటికి మోసింది తనే, కడుపుతో ఉన్నప్పుడు కూడా. ఆ నీళ్ళు ఎవరికి పోతాయో తెలుసుకోకుండా పులుసు కలుపుతూ కూర్చోలేకపోయింది.

"బావగారు అన్నది నేను చెబుతా విను. 'పై తోట ఎంగళ తోట. సొరంగం నీరు నమ్మ నీరు.' ఇదీ ఆయన మాట. నువ్వు పెన్ను ఎత్తి, 'ఎంగళ అని కాగితం మీద రాయకూడదు శంభజ్జా, అది వంటింటి మాట' అన్నావు. ఆయన నవ్వి, 'చదువుకున్నవాడివి, నీకు తోచినట్టు రాయి' అని వేలిముద్ర వేశాడు. గుర్తుందా తిరుమలా?"

ఈ రెండిళ్ళవాళ్ళూ హవ్యక బ్రాహ్మలు. వాళ్ళ ఇళ్ళల్లో మాట్లాడుకునే కన్నడంలో మా అనడానికి "ఎంగళ", మన అనడానికి "నమ్మ". తోట పనికొచ్చే, తుళు మాట్లాడేవాళ్ళకీ వాళ్ళ మాటలో ఆ తేడా ఉంది. లేనిదల్లా బడి పుస్తకానికే. శంభజ్జ చెప్పింది మా తోట, మన నీళ్ళు. మాస్టారు అందులో ఎంగళని తప్పని కొట్టేసి, రెండు చోట్లా నమ్మే ఒప్పని పెట్టారు.

మాస్టారు కాగితం చేతిలోకి తీసుకుని ఆ వరసనే చూస్తూ ఉండిపోయారు. ఇప్పుడు అంతా గుర్తొచ్చింది. శంభజ్జ చెవి మీద పెట్టుకున్న బీడీ గుర్తొచ్చింది, తన కొత్త పెన్ను గుర్తొచ్చింది, వంటింటి మాట అన్నప్పుడు తను నవ్విన నవ్వు కూడా గుర్తొచ్చింది. సంతకం చెయ్యడం రాని మనిషి ఒక్క ఊపిరిలో తోటకి హద్దు గీసి, నీళ్ళకి హద్దు చెరిపేశాడు. అంత పొందికైన వాక్యం తన పుస్తకం మొత్తంలో ఒక్కటి లేదు. దాన్ని పాడుచేసింది ఎవరో గిట్టనివాడు కాదు, తన వ్యాకరణం. ఆయనకి సిగ్గేసింది.

తలెత్తి మాట్లాడినప్పుడు అరుగు మీదున్న వాళ్ళందరూ ఉలిక్కిపడ్డారు. ఆయన ఇంటి మాటలో మాట్లాడుతున్నారు. ఆయన భార్య కూడా పెళ్ళయిన కొత్తలో తప్ప ఎన్నడూ వినని మాట అది.

"నిజమే అక్కా. నేనే దిద్దాను. ఆయన సరిగ్గానే చెప్పాడు, తప్పు నాది."

ఉదయశంకరుడి మొహం పాలిపోయింది. అతనికి నీళ్ళ దిగులు ఒక పక్క, మాస్టారి పరువు దిగులు ఇంకో పక్క. ఆదివారం మూడువందల మంది ముందు ఆయన పుస్తకాన్ని ఎత్తి పట్టుకోవాల్సినవాడు తను. ఆ పుస్తకం మొదటి పేజీలోనే ఉంది, ఇంటి మాటకి నియమం లేదు, నియమం లేనిది భాష కాదు అని. మాస్టారు ఇప్పుడీ మాట మీద నిలబడితే ఆ పేజీ చింపుకోవడమే అవుతుంది. అతను బతిమాలే గొంతుతోనే అన్నాడు, యాభై ఏళ్ళ నాటి మాట ఎవరికి గుర్తుంటుంది, నానమ్మ అలా విన్నాననుకుంటోంది, మీరు మొహమాటానికి తల ఊపుతున్నారు, ఆలోచించి చెప్పండి అని. వకీలు కూడా ఇబ్బందిగా కదిలాడు. కాగితం మీద ఉన్నదొకటి, ముసలావిడ నోట ఉన్నదొకటి. రేపు ఎవరైనా అడిగితే ఏం చూపిస్తాం అన్నాడు.

దేవకక్క ఆకు ముద్ద రెండో బుగ్గకి మార్చుకుంది.

"యాభై ఏళ్ళ నాటిది వదిలెయ్ నాయనా. ఇందాకటిది చెప్పు. నేను మెట్లెక్కుతుంటే నువ్వేమన్నావు?"

ఉదయశంకరుడికి అర్థం కాలేదు. జాగ్రత్తగా రమ్మన్నానని చెప్పాడు.

"ఏ మాటతో అన్నావో చెప్పు."

"పాచి పట్టింది, చూసి అడుగెయ్యి అన్నా."

"ఎక్కడ పాచి?"

అతను మెట్ల వైపు తిరిగి చూశాడు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నమ్మ సురంగ అన్నావు" అంది దేవకక్క. "మన సొరంగం. నిన్న మీ ఆవు ఈనిందని చెప్పడానికి వచ్చినప్పుడు 'ఎంగళ ఆవు' అన్నావు. నేను మీ ఆవుని మన ఆవు అన్నానా ఎప్పుడన్నా? నువ్వు నా గొడ్లపాకని మన పాక అన్నావా? అనవు. నోరు రాదు. మరి సొరంగం దగ్గర నీ నోటికి మా ఎందుకు రాలేదురా?"

అదేదో అలవాటుగా వచ్చేసిందని అతను గొణిగాడు.

"అలవాటే. మీ తాతకీ అదే అలవాటు, మీ నాన్నకీ అదే. నువ్వు కూర్చుని ఆలోచిస్తే నీళ్ళు మావి అంటావు. ఆలోచించకుండా మాట్లాడితే మనవి అంటావు. నేనేం చదువుకోలేదు, నాకు నీ పుస్తకం తెలీదు. ఆలోచించకుండా వచ్చిన మాటే నేను నమ్ముతా."

మాస్టారు ఆవిడనే చూస్తూ కూర్చున్నారు. రెండో తరగతి దాటని మనిషి. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తన క్లాసులో అంత శుభ్రంగా ఒక సూత్రాన్ని ఎవరూ విడమరిచి చెప్పలేదు, తను కూడా. ఇంటి మాటకి నియమం లేదని రాసింది తనే. నియమం లేకపోతే ఇంత చదువుకున్న ఉదయశంకరుడి నాలుక దాని ముందు ఎందుకు తలవంచుతుంది? వాడికి తెలియకుండానే వాడి చేత నిజం చెప్పించిందే ఆ మాట. ఇన్నేళ్ళు ఇరవైసార్లు రాయించి చెరిపేద్దామనుకున్నది దీన్నా అనుకున్నారు. ఆయన మనసు నిండిపోయింది. ఓడిపోయిన మనిషికి ఇంత సంతోషం ఉంటుందని ఆయనకి ఇవాళే తెలిసింది.

తెల్ల కాగితం ఒకటి ఇమ్మని అడిగి, జేబులోంచి ఎర్రసిరా పెన్ను తీశారు. వకీలు నీలం పెన్ను చాపితే వద్దన్నారు. తప్పు దిద్దడానికి ఇన్నేళ్ళుగా ఎర్రసిరాయే వాడానని, తన తప్పుకి వేరే రంగు ఎందుకని అన్నారు. శంభజ్జ చెప్పిన వాక్యాన్ని చెప్పినట్టు రాశారు. "ఎంగళ" దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ మాటని ఆయన కొట్టేసిన సార్లకి లెక్కలేదు, రాయడం ఇదే మొదలు. పలక పట్టుకున్న పిల్లాడి రాతలా వంకరగా వచ్చింది. కింద సంతకం, తారీకు వేసి, దేవకక్కకి చదివి వినిపించారు. ఆవిడ రెండుసార్లు చదివించుకుని, ఆఁ, ఇప్పుడు బావగారి గొంతు వినబడింది అంది.

ఉదయశంకరుడు ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకు చూశాడు. తర్వాత వాకిట్లోకి దిగి ఫోను చేశాడు. రేపు రావద్దని చెబుతాడేమో అని అందరూ చెవులు రిక్కించారు. రమ్మనే చెప్పాడు. "తలుపొద్దు. ధారని రెండుగా చీల్చే టీ ముక్క ఉంటుంది చూడు, అది పట్టుకురా. ఒక పైపు పైకి, ఒకటి కిందికి" అన్నాడు. తిరిగి వచ్చి దేవకక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసి, కొత్త మొక్కలకి మధ్యాహ్నం నీళ్ళు పెట్టకు, వేళ్ళు ఉడికిపోతాయి అని చెప్పింది. ఆదివారం సంగతేమిటని వకీలు మెల్లిగా అడిగితే, సన్మానం దేవకక్కకి చెయ్యండి, నేను ముందు వరసలో కూర్చుని వింటాను అన్నారు మాస్టారు. పుస్తకం మొదటి పేజీ మాత్రం మళ్ళీ రాయాలట.

అంతా అయిందనుకుని మాస్టారు పెన్ను మూత బిగిస్తున్నారు. దేవకక్క రోలు సంచిలో పెట్టుకుంటూ అడిగింది.

"ఆ రోజుల్లో ఊళ్ళో ఇట్లాంటి కాగితాలన్నీ నువ్వే రాసేవాడివి కదా తిరుమలా. ఎన్ని రాసుంటావు?"

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. "పదకొండు."

"అన్నిట్లోనూ ఎంగళ కొట్టేశావా?"

జవాబు చెప్పాల్సిన పని లేదు, ఆయన సంగతి అందరికీ తెలుసు. ఆవిడ కర్ర పట్టుకుని లేచింది. లేచాక, మీ నాన్నది కూడా నీ చేతి రాతేనా అని అడిగింది.

మాస్టారి చేతిలోంచి పెన్ను మూత జారి, అరుగు మీద దొర్లుకుంటూ పోయింది. నాన్న కాగితం ఆయనకి కంఠతా వచ్చు. పాత ఇల్లు నమ్మ ఇల్లు. ఆ ఒక్క వాక్యాన్ని చూపించే, ఇది మా ఇల్లు, నాన్నదీ నాదీ అని తమ్ముణ్ణి బయటికి పంపారు. మన ఇల్లు అన్నాడన్నయ్యా నాన్న అని గణపతి ఎంత మొత్తుకున్నా వినలేదు, కాగితం మాట్లాడుతుంది, నువ్వు నోరు ముయ్యి అన్నారు. నాన్న నోట ఆ రోజు ఏ మాట వచ్చిందో ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. పక్కన కూర్చుని విన్నది ఒక్క గణపతే.

పెన్ను మూత ఎవరో తీసి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. చెప్పులు వేసుకుని మెట్లు దిగారు. పొలం గట్టు వైపు తిరగాల్సిన చోట తిరగలేదు. తిన్నగా నడిచారు. అరుగు మీదివాళ్ళు చూస్తూనే ఉన్నారు, ఎవరూ పిలవలేదు.

గణపతి వాకిట్లో ఎండిన పోకకాయలు చాప నిండా పరిచి ఉన్నాయి. లోపల ఎవరో వాటిని కత్తిపీట మీద వొలుస్తున్న చప్పుడు టకటకమని వినిపిస్తోంది. మాస్టారు వెదురు తడిక పట్టుకుని నిలబడ్డారు. అడుగుల చప్పుడుకి లోపలి నుంచి ఎవరది అని తమ్ముడి గొంతు వినిపించింది, ముసలిదైపోయిన గొంతు.

"గణపా" అన్నారు మాస్టారు, చిన్నప్పుడు ఇద్దరూ ఒక్క కంచంలో తిన్న నాటి మాటలో. "ఆ రోజు నాన్న ఎంగళ ఇల్లు అన్నాడా, నమ్మ ఇల్లు అన్నాడా?"

లోపల కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.